పసుపు వేషానికి పావడా ఎందుకు లేదు?

చరిత్రను ఎక్కడ మొదలుపెట్టామన్నదాన్ని బట్టి అందులో స్త్రీలు ఎక్కడుంటారో తేలుతుంది. సాహిత్య చరిత్ర విషయంలో ఈ మాట మనం చాలాసార్లు అనుకున్నాం. పిల్లల టీవీ సీరియళ్ల గురించి మాత్రం అనుకోలేదు. అవి మన చర్చకు తగినవి కావనుకున్నామేమో. కానీ సాహసం ఎవరు చెయ్యాలో, ఎవరి వెనక ఎవరు నిలబడాలో మన ఆడపిల్లలు నేర్చుకున్నది కొంత వాటి ముందు కూర్చునే.

జపాన్‌లో 1975 ఏప్రిల్‌లో ‘గోరేంజర్’ మొదలైంది. కామిక్స్ రచయిత షోటారో ఇషినోమోరి సృష్టి, తోయే సంస్థ నిర్మాణం. ఐదుగురు యోధులు, ఐదు రంగులు, ముఖాలకు ముసుగులు. ఆ ఐదుగురిలో ఒక్కతే స్త్రీ. ఆమెది గులాబీ రంగు. ‘సూపర్ సెంటాయ్’ అనే ఈ వరసలో 2025 నాటికి, అంటే యాభై ఏళ్లలో, 49 సీరియళ్లు వచ్చాయి. ఏటా కథ మారుతుంది, మనుషులు మారతారు. కాబట్టి మొదటి నుంచీ చూడాలన్న నిర్బంధం లేదు.

1992లో వచ్చిన ‘జ్యూరేంజర్’ను అమెరికా వాళ్లు కొన్నారు. ముసుగుల పోరాట దృశ్యాలు అలాగే ఉంచి, ముసుగు తీశాక కనిపించే మనుషుల్ని మార్చి, 1993లో ‘పవర్ రేంజర్స్’ చేశారు. జపాన్ కథలో పసుపు యోధుడు మగవాడు. అమెరికా కథలో ఆ పాత్ర ట్రిని అనే అమ్మాయి అయింది. అందుకే గులాబీ దుస్తులకు పొట్టి పావడా ఉంటుంది, పసుపు దుస్తులకు ఉండదు. ముసుగు లేనప్పుడు అమ్మాయి, ముసుగు వేసుకున్నాక మగశరీరం.

ఇది మనకు కొత్తేమీ కాదు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామను చూసి పెరిగిన జాతి మనది. స్త్రీ వేషం మగవాడు వెయ్యడంలోని కళను నేను కాదనను. జపాన్‌లోనూ యూయిచి హాచిసుకా వంటి పురుషులు ఎన్నో ఏళ్లు యోధురాళ్ల ముసుగుల్లో పోరాడారు. నా ప్రశ్న వేరు. స్త్రీ పోరాడుతున్నట్టు చూపిస్తూ ఆ పోరాటం చేసే శరీరం మాత్రం ఆమెది కాకపోతే, చూసే ఆడపిల్లకు దక్కేదేమిటి?

మా చీడికాడ లాంటి ఊళ్లకు వచ్చింది అమెరికా రూపమే. 2004 చివర్లో మన దేశంలో మొదలైన టూన్ డిస్నీ పుణ్యమా అని పవర్ రేంజర్లు తెలుగు మాట్లాడారు. వీధిలో పిల్లలు రంగులు పంచుకుని ఆడేవారు. ఎరుపు ఎప్పుడూ మగపిల్లలదే. ఆ రోజుల్లో గులాబీ వద్దని అలిగిన మా చెల్లెలి కూతురు ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. “పెద్దమ్మా, అసలు జపాన్‌వి చూద్దామనుంది, ఏది ముందు చూడమంటావు?” అని అడిగింది.

2000లో మొదలైన ‘టైమ్‌రేంజర్’ ముందు చూడమన్నాను. ప్రధాన రచయిత్రి యాసుకో కొబయాషి. అందులో గులాబీ యోధురాలు యూరి భవిష్యత్తు నుంచి వచ్చిన పోలీసు అధికారి. ఎర్ర దుస్తులవాడు పక్కనే ఉన్నా జట్టును నడిపించేది ఆమె. ఆ తర్వాత వెనక్కి వెళ్లాలి. 1984 నాటి ‘బయోమాన్’లో మొదటిసారి ఇద్దరు స్త్రీలు జట్టులో చేరారు. 1991 నాటి ‘జెట్‌మాన్’లో ఆజ్ఞలిచ్చే అధిపతి స్త్రీ. ఇవి చూశాక గోరేంజర్ చూస్తే, ఆ ఒక్క స్త్రీ ఎంత ఒంటరిగా నిలబడిందో అర్థమవుతుంది. పాత జట్లన్నిటినీ గుర్తుచేసే 2011 నాటి ‘గోకైజర్’ను చివరికి ఉంచుకోవచ్చు.

దానికి ముందు 2009 నాటి ‘షింకెంజర్’ తప్పక చూడాలి. ఇదీ కొబయాషిదే. అంతవరకూ నాయకుడనుకున్న టకేరు అసలు వారసుడు కాడనీ, ఆ వంశానికి అధిపతి కౌరు అనే చిన్నమ్మాయి అనీ కథ చివర్లో తెలుస్తుంది. ఎర్ర దుస్తులు ఆమె వేసుకుంటుంది. కానీ ఎక్కువసేపు ఉంచుకోదు. తనకంటే పెద్దవాడైన టకేరును కొడుకుగా దత్తత చేసుకుని అధికారం అప్పగిస్తుంది. రుద్రమదేవి రుద్రదేవ మహారాజు అన్న పేరుతో ఏలి, కూతురి కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత చేసుకుని రాజ్యమిచ్చిన సంగతి నాకు గుర్తొచ్చింది. అధికారం స్త్రీ చేతికి వస్తుంది, మళ్లీ మగవాడికి చేరడానికి దారిగా.

అయితే కౌరును ఎవరూ తోసెయ్యలేదు, ఆ నిర్ణయం ఆమెదే. ఇచ్చేసే హక్కు తనదని చెప్పడం కూడా అధికారమేనా, లేక రచయిత్రి కూడా దాటలేకపోయిన గీత అదేనా? నేనింకా తేల్చుకోలేదు. మా అమ్మాయి మాత్రం రెండోదే అంటోంది. ఇటువంటి వాదన గోరేంజర్‌తో మొదలుపెడితే పుట్టదు. పవర్ రేంజర్స్‌తో మొదలుపెడితే అసలే పుట్టదు.