పొగ నుంచి పూతకు: కోనరావుపేట ప్రాంతపు దోమల నివారణ పద్ధతులు – ‘సహజ’ లేపనాల చరిత్ర

సంగ్రహం

దోమలు కుట్టకుండా ఒంటికి రాసుకునే రసాయన లేపనాలకు బదులుగా వేపనూనె, సిట్రోనెల్లా, నిమ్మగడ్డి నూనె వంటివి నేడు ‘పూర్వీకుల పద్ధతి’ పేరుతో ప్రచారంలో ఉన్నాయి. ఉత్తర తెలంగాణ పల్లెల ఆచారాలను, 1897 తరువాతి వైద్యచరిత్రను పక్కపక్కన ఉంచి చూస్తే ఒంటిపూత ఈ ప్రాంతపు పాత అలవాటుగా కనిపించదు. పొగ, పశువుల కొట్టం, పడకవేళ కలిసిన ఏర్పాటే పాతది. ఆ ఏర్పాటు ఎలా పూతగా మారిందో, పగటిపూట కుట్టే దోమ ముందు ఆ పూత ఎంతవరకు నిలుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కోనరావుపేట, దోమలు, వేపనూనె, సిట్రోనెల్లా, పొగ, మలేరియా, డెంగీ.

1. వాగు, కొట్టం, పొగ

కోనరావుపేట నేడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడేవరకు కరీంనగర్ జిల్లాలో ఉండేది. వేములవాడ వైపు సాగే మూలవాగు ఈ మండలపు ప్రధాన జలధార. వాన తగ్గి వాగు సన్నబడినప్పుడు ఇసుకలో మిగిలే నీటిగుంటలు, వరిపొలాల కాలువలు అనాఫిలిస్ కులిసిఫేసీస్ అనే దోమకు అనువైన చోట్లు. దక్కను పల్లెల్లో మలేరియాను ప్రధానంగా వ్యాపింపజేసినది ఈ దోమే. దీని స్వభావంలో రెండు అంశాలు ఇక్కడ ముఖ్యమైనవి: ఇది రాత్రివేళ కుడుతుంది, మనిషి రక్తం కన్నా పశువు రక్తాన్ని ఎక్కువగా కోరుతుంది.

ఈ రెండింటినీ దృష్టిలో ఉంచుకొని చూస్తే పల్లె ఇంటి అమరిక కొత్తగా అర్థమవుతుంది. ఇంటిని ఆనుకొని పశువుల కొట్టం, పొద్దుగూకేవేళ కొట్టంలో యాపాకు పొగ, బాలింత గదిలో సాంబ్రాణి పొగ, ఆరుబయట మంచం. ‘యాప’ అన్నది వేపకు ఈ ప్రాంతపు పలుకుబడి. పొగ వేసేది పశువుల సుఖం కోసమే అయినా, ఆ గాలి ఇంటివారి మీదుగానే వీస్తుంది. ‘పొమ్మనలేక పొగబెట్టినట్లు’ అన్న సామెత పుట్టిన భాషలో, అక్కరలేని దాన్ని వెళ్లగొట్టే సాధనంగా మొదట తోచేది పొగే. తెలుగు నుడికారంలో పూతకు ఇటువంటి స్థానం కనిపించదు.

శాస్త్రగ్రంథాల సాక్ష్యమూ ఇదే దిశలో ఉంది. సుశ్రుత సంహిత కల్పస్థానం మశకాలను సాముద్రం, పరిమండలం, హస్తిమశకం, కృష్ణం, పార్వతీయం అని ఐదు విధాలుగా విభజించింది. అదే గ్రంథం గాయపడినవాని గదిలో ఆవాలు, వేపాకు, నెయ్యి, ఉప్పు కలిపి పొగ వేయాలని చెప్పింది. అక్కడ చెప్పిన ప్రయోజనం నిశాచరుల నుంచి రక్షణ. దాన్ని దోమల మందుగా చదవడం నేటి పాఠకుల ఉత్సాహం మాత్రమే. అయితే వేప మనిషి దగ్గరికి ధూపంగా చేరిన తీరు మాత్రం గమనార్హం.

ఒంటికి నూనె రాసే అలవాటు లేదని కాదు. ఆముదం, నువ్వులనూనె, పసుపు, నలుగుపిండి ఇంటింటా వాడినవే. కాని అవి స్నానానికి ముందటివి. పూసినదాన్ని కడిగివేయడమే ఆ పద్ధతి. పురుగును ఉద్దేశించి ఒంటిని తాకించిన మందులు వేరు. గజ్జికి కానుగనూనె, వేపనూనె. తలలో పేలకు సీతాఫలం గింజల పొడి. పశువులకు పట్టే పిడుదులకు, జోరీగలకు మళ్లీ కానుగనూనె. ఇవన్నీ ఒంటిమీద అప్పటికే చేరి నివాసమున్న పురుగును చంపడానికో, గాయం మాన్పడానికో వాడినవి. ఎగిరివచ్చి కుట్టిపోయే దోమను ముందుగానే ఆపే లేపనం అన్న ఊహ వేరే చోట పుట్టింది. సీతాఫలం గింజ విషయంలో ఒక మాట చెప్పక తప్పదు: ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర దెబ్బతింటుందని కంటివైద్యులు నమోదు చేశారు. సహజమన్నంతమాత్రాన సాధువు కాదనడానికి ఊరివాళ్లకు తెలిసిన పాత ఉదాహరణ ఇదే.

2. బేగంపేట తరువాత

దోమ కాటుకు, జ్వరానికి సంబంధం ఉందని రుజువు చేయడంలో కీలకమైన ఘట్టం తెలంగాణ నేలమీదే జరిగింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ పక్కన బేగంపేటలో రోనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే జ్వరపీడితుణ్ణి కుట్టిన దోమను కోసి, దాని పొట్టగోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున హుసేన్ ఖాన్‌కు చెల్లించాడు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి లభించింది. అంతవరకు జ్వరాన్ని చెడుగాలికి, బురదకు ముడిపెట్టినవారు ఇకమీదట కాటునే ఆపవలసి వచ్చింది. చర్మం రక్షణరేఖగా మారింది అప్పుడే.

ఆ రక్షణ మొదట సైనికులకు, అధికారులకు అందింది. సింహళం నుంచి వచ్చే సిట్రోనెల్లా నూనె ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాలలో దోమల మందుగా స్థిరపడింది. బ్రిటిష్ ఇండియాలో ‘బాంబర్ ఆయిల్’ పేరుతో వాడిన మిశ్రమంలో సిట్రోనెల్లా, కిరోసిన్, కొబ్బరినూనె, కొద్దిగా కార్బాలిక్ ఆమ్లం ఉండేవి. ఈ కూర్పును నిలబడి చూడాలి. గడ్డినూనె, చమురుగని నూనె, చెట్టునూనె ఒకే సీసాలో ఉన్నాయి. వాడినవారికి ఇందులో ఏది సహజం, ఏది రసాయనం అన్న ప్రశ్నే లేదు. ఆ విభజన తరువాతి కాలపు సృష్టి.

విభజనకు కారణమైన పదార్థం రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పుట్టింది. ఉష్ణమండల అడవులలో పోరాడే సైనికుల కోసం అమెరికా వ్యవసాయశాఖ వేల రసాయనాలను పరీక్షించింది. వాటిలోంచి 1944లో శామ్యూల్ గెర్ట్లర్ రూపొందించిన డీట్ నిలిచింది. 1946 నుంచి సైన్యానికి, 1957 నుంచి ప్రజలకు అది అందింది. భారతదేశంలో గ్వాలియర్ రక్షణ పరిశోధనశాల డీపా అనే మరో రసాయనాన్ని తయారుచేసింది. తెలుగు ఇళ్లలో ఎక్కువగా వినిపించే పేరు ఒడోమస్. బల్సారా సంస్థ తెచ్చి, 2005లో డాబర్ చేతికి మారిన ఆ లేపనంలో పనిచేసేది డైఇథైల్ బెంజమైడ్.

పల్లె మాత్రం ఈ లేపనాలను చాలాకాలం చూడలేదు. పల్లెకు చేరింది డీడీటీ. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాక గోడలకు మందు కొట్టేవారు ఊరూరా తిరిగారు. 1965 నాటికి దేశంలో మలేరియా కేసులు సుమారు లక్షకు తగ్గాయి. 1976లో అవి 64 లక్షలు దాటాయి. దోమ డీడీటీకి తట్టుకోవడం నేర్చుకున్నది. చెట్టు వైపు మళ్లీ చూపు తిరగడానికి ఈ వైఫల్యం ఒక కారణం.

3. వేపకు రెండో కీర్తి

వేపకు ఆధునిక కీర్తి చర్మం వల్ల కాక పొలం వల్ల వచ్చింది. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనెలోంచి నింబిన్ తదితర చేదు పదార్థాలను వేరుచేశాడు. 1968లో అజాడిరాక్టిన్ వేరుపడింది. అది పురుగుకు తిండి సహించకుండా చేస్తుంది, దాని ఎదుగుదలను చెడగొడుతుంది. 2000 తరువాతి తొలి సంవత్సరాలలో అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల రైతులు పురుగుమందులు మానివేయడంలో వేపగింజల కషాయానికి పెద్ద పాత్ర ఉంది. అయితే ఆకు తినే పురుగును పస్తు పెట్టే గుణం వేరు, రక్తం కోసం వచ్చే దోమను వెనక్కి పంపే గుణం వేరు. పొలంలో చూసిన ఫలితాన్ని ఒంటికి అన్వయించడంలో ఒక మెట్టు జారింది.

ఆ మెట్టును ప్రయోగంతో కట్టినవారు వి.పి. శర్మ బృందం. కొబ్బరినూనెలో 2 శాతం వేపనూనె కలిపి ఒంటికి రాస్తే అనాఫిలిస్ జాతి దోమల కాటు నుంచి 12 గంటలపాటు పూర్తి రక్షణ లభించిందని 1993లో ప్రకటించారు. నేటి ప్రచారమంతా ఈ ఒక్క వాక్యం మీద నిలబడింది. అందులోని ‘అనాఫిలిస్’ అన్న మాట మాత్రం ప్రచారంలో రాలిపోయింది. అదే బృందం కిరోసిన్ దీపంలో కొద్దిగా వేపనూనె కలిపి వెలిగించి చూసింది, కాట్లు తగ్గాయి. కోనరావుపేట కొట్టంలోని పొగకు ఈ రెండో ప్రయోగమే అసలైన వారసురాలు. దానికి రావలసిన పేరు రాలేదు.

గడ్డినూనెల కథ కూడా దక్కనుతో ముడిపడినదే. టిప్పు సుల్తాన్‌తో జరిగిన యుద్ధకాలంలో బాలాఘాట్ ఎత్తైన ప్రాంతాలలో జనరల్ క్లాడ్ మార్టిన్ ఒక సువాసన గడ్డి విత్తనాలు సేకరించాడు. విలియం రాక్స్‌బర్గ్ ఆ గడ్డికి అతని పేరే పెట్టాడు. రోషాగడ్డి అన్నది అదే. దాని నూనెను కూడా 1990లలో మలేరియా పరిశోధకులు దోమల మీద పరీక్షించారు. హైదరాబాద్ బోడుప్పల్‌లోని సీమాప్ కేంద్రం ఇటువంటి గడ్డుల సాగు మీద పనిచేస్తున్నది.

ఈ నూనెల బలహీనత వాటి సువాసనలోనే ఉంది. వాసన వస్తున్నదంటే నూనె ఆవిరవుతున్నదని అర్థం. ఆవిరయ్యాక రక్షణ లేదు. 2002లో ఫ్రాడిన్, డే అనే పరిశోధకులు ఈడిస్ ఈజిప్టై దోమలతో జరిపిన పరీక్షలో సిట్రోనెల్లా సరుకులలో ఎక్కువ భాగం 20 నిమిషాలలోపే విఫలమయ్యాయి. సోయానూనె ఆధారిత లేపనం సగటున 94.6 నిమిషాలు నిలిచింది. 23.8 శాతం డీట్ 301.5 నిమిషాలు నిలిచింది. బాంబర్ ఆయిల్‌లోనూ శర్మ ప్రయోగంలోనూ కొబ్బరినూనె ఉన్నదని గుర్తుచేసుకుంటే, ఆవిరిని ఆలస్యం చేసే ఆధారనూనె ప్రాముఖ్యం తెలుస్తుంది.

మొక్క నుంచి వచ్చి డీట్‌కు దరిదాపుల్లో నిలిచినది ఒకటుంది. నిమ్మవాసన గల యూకలిప్టస్ ఆకు నుంచి నూనె తీశాక మిగిలిన ద్రవంలో పీఎండీ అనే పదార్థాన్ని చైనా పరిశోధకులు గుర్తించారు. 2005లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ దాన్ని ఆమోదయోగ్య జాబితాలో చేర్చింది. మూడేళ్లలోపు పిల్లలకు వాడవద్దన్నది దానితోపాటు ఉన్న నియమం. తెలంగాణలో పేపరు కర్రకోసం పెంచే జామాయిల్ చెట్టు ఈ జాతి కాదు. ఆ ఆకు నలిపి రాసుకుంటే పీఎండీ రాదు. నిమ్మవాసన చెట్టు ముడినూనె సైతం పీఎండీతో సమానం కాదు.

4. దోమ వేళ మారింది

2005 చివర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు దశాబ్దాల విరామం తరువాత చికున్‌గున్యా మళ్లీ విజృంభించింది. డెంగీ కూడా పట్టణాల నుంచి పల్లెలకు పాకింది. ఈ రెండింటినీ మోసేది ఈడిస్ దోమ. అది వాగు ఇసుకలో కాక ఇంటి గోలెంలో, కూలర్‌లో, పాత టైరులో పుడుతుంది. పొద్దున, సాయంత్రానికి ముందు కుడుతుంది. పశువును కాదు, మనిషినే కోరుతుంది. పాత ఏర్పాటులోని మూడు ఆధారాలూ ఒకేసారి కదిలాయి. పొద్దుగూకాక వేసే పొగకు ఈ దోమ అప్పటికే తన పని ముగించి ఉంటుంది. కొట్టం దాన్ని పక్కకు మళ్లించదు. రాత్రి తెర పగలు నడిచే మనిషిని కాపాడదు.

ఒంటిపూత అవసరం నిజంగా ఏర్పడినది ఈ సందర్భంలోనే. వేపనూనెకు 1993లో వచ్చిన 12 గంటల మాటను ఈ దోమకు వర్తింపజేస్తే ప్రమాదం. పొద్దున బడికి వెళ్లే పిల్లకు ఇంట్లో సిట్రోనెల్లా రాస్తే, రెండో గంట కొట్టేసరికి కాళ్లు మళ్లీ వట్టివే. మరోవైపు, నూనె ఎక్కువ రాస్తే ఎక్కువ మంచిదన్న తర్కమూ చెల్లదు. మలేసియాలో భారతీయ సంతతి పసిపిల్లలకు చిన్న జబ్బులకు వేపనూనె తాగించగా వాంతులు, మగత, కాలేయానికి, మెదడుకు హాని కలిగిన సంగతిని 1981లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. తాగించడం వేరు, పూయడం వేరు. అయినా చేతులు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు అరచేతులకు పూయకపోవడం, ఇంట్లో సీసా అందకుండా ఉంచడం ఆ అనుభవం నుంచి వచ్చే కనీస జాగ్రత్త.

పల్లె నూనెకు ఇప్పుడు మరో చోటు దొరికింది. పంచాయతీ సిబ్బంది వాడిన ఇంజను నూనెలో ముంచిన బంతులను మురుగుకాలువల్లో వేస్తున్నారు. నీటిమీద పరుచుకున్న పొర కింద లార్వాకు ఊపిరి అందదు. కాని అది మురుగునీటి క్యూలెక్స్ దోమకు సరిపడే ఉపాయం. తాగే, వాడే నీరున్న గోలెంలో ఏ నూనే పోయలేరు. ఈడిస్ గుడ్లు నీటి అంచున గోడకు అతుక్కొని, గోలెం ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. అందువల్ల వారానికొకసారి గోలెం వొంపేయడంతో సరిపోదు. లోపలి గోడను పీచుతో తోమవలసి ఉంటుంది.