పుట్టువెంట్రుకలకు తిరుమల ప్రయాణమా? గోస్పాడు నుంచి కారులో వెళ్లే ముందు ఇవి తెలుసుకోండి

బిడ్డకు ఏడాది నిండాక కొందరు, మూడో ఏట కొందరు పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుమల వెళ్తుంటారు. గోస్పాడు, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల వారికి చాలామందికి బిడ్డతో చేసే మొదటి దూర ప్రయాణం ఇదే. నంద్యాల నుంచి తిరుపతికి దాదాపు 270 కి.మీ. పెద్దవాళ్లు ఒక్క పూటలో చేరిపోతారు. నడక నేర్చిన బిడ్డ వెంట ఉంటే మాత్రం లెక్క మారుతుంది. బండి ఎంత వేగంగా పోగలదన్నది కాకుండా, బిడ్డ నిద్ర, ఆకలి, ఓపికలను బట్టి ప్రయాణాన్ని ఖరారు చేసుకోవాలి. దారిలో అందే ప్రభుత్వ సేవలు, పాటించాల్సిన నిబంధనలు ఏమిటో చూద్దాం.

దారి ఎలా?

నంద్యాల దగ్గర గానీ శిరివెళ్ల దగ్గర గానీ 40వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే ఆళ్లగడ్డ, చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు మీదుగా కడప చేరుకోవచ్చు. కడప వరకు నాలుగు వరుసల రోడ్డు. అక్కడి నుంచి 716వ నంబరు జాతీయ రహదారిపై ఒంటిమిట్ట, రాజంపేట, రైల్వే కోడూరు, రేణిగుంట మీదుగా తిరుపతి వెళ్లాలి. ఈ రెండో సగంలోనే జాగ్రత్త ఎక్కువ కావాలి. కోడూరు దాటాక బాలపల్లె అటవీ ప్రాంతంలో మలుపులు ఉంటాయి, లారీల రద్దీ కూడా ఎక్కువే. ఈ భాగాన్ని పగటిపూటే దాటడం మంచిది.

ఎప్పుడు బయల్దేరాలి?

వేసవిలో నంద్యాల జిల్లాలో ఎండ 45 డిగ్రీలను తాకే రోజులుంటాయి. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే బిడ్డ కొంత దూరం నిద్రలోనే ఉంటుంది. ఎండ ముదిరేలోపు కడప దాటేయవచ్చు. రాత్రంతా నడిపితే బిడ్డ హాయిగా నిద్రపోతుందని కొందరు అనుకుంటారు. కానీ డ్రైవరుకు నిద్ర ముంచుకొచ్చేదీ ఆ వేళల్లోనే.

ప్రతి రెండు గంటలకు ఒకసారి ఆగాలి. బిడ్డను దింపి పావుగంట నడవనివ్వాలి. మొదట మైదుకూరులో టిఫిన్‌కు, తర్వాత కడపకు 25 కి.మీ. దూరంలోని ఒంటిమిట్ట కోదండరామాలయం దగ్గర, ఆపై రాజంపేటలో ఆగితే సరిపోతుంది. అదే రోజు కొండ ఎక్కకుండా రాత్రి తిరుపతిలో బస చేసి మర్నాడు ఉదయం వెళ్తే బిడ్డ అలసిపోదు.

ఒడిలో కూర్చోబెట్టుకుంటే చాలదా?

చాలదు. గంటకు 50 కి.మీ. వేగంతో పోతున్న కారు దేనికైనా ఢీకొంటే 10 కిలోల బిడ్డ సుమారు 300 కిలోల బరువుతో ముందుకు విసురుకుపోయినట్టవుతుంది. ఎంత బలమైన చేతులైనా ఆ బరువును ఆపలేవు. పైగా ముందు సీట్లో ఒడిలో ఉన్న బిడ్డకు విచ్చుకున్న ఎయిర్‌బ్యాగే ప్రాణాంతకం కావచ్చు. చైల్డ్ సీటు వాడితే పిల్లల మరణాలు కనీసం 60 శాతం తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నివేదికలో పేర్కొంది.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు సీటు బెల్టు గానీ, చైల్డ్ సీటు గానీ లేకుండా బండి నడిపితే రూ.1,000 జరిమానా. సీటును వెనక వరుసలోనే బిగించాలి. కనీసం రెండేళ్లు వచ్చేవరకు బిడ్డ ముఖం కారు వెనక వైపుకు ఉండేలా కూర్చోబెట్టడం సురక్షితం.

అద్దె కార్లలో వెనక సీటు బెల్టు బకిల్స్ తరచూ సీటు కవర్ల కింద ఉండిపోతాయి. బండి మాట్లాడుకునేటప్పుడే వాటిని బయటికి తీయించి పెట్టమని డ్రైవరుకు చెప్పండి.

బస్సు కోసం నంద్యాల దాకా బైకుపై వెళ్లేవారికీ నిబంధన ఉంది. 9 నెలల నుంచి 4 ఏళ్ల లోపు పిల్లలకు హెల్మెట్, నడిపేవారికి బిడ్డను కలిపి కట్టే సేఫ్టీ బెల్టు ఉండాలి. వేగం 40 కి.మీ. మించకూడదు. ఆర్టీసీ బస్సులో ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. రైల్లోనూ విడిగా బెర్తు అడగకపోతే ఐదేళ్లలోపు వారికి ఉచితమే.

తిండి, నీళ్లు, మందులు

కాచిన పాలు ఎండకు త్వరగా విరిగిపోతాయి. పాలపొడి, ఫ్లాస్కులో వేడినీళ్లు విడివిడిగా తీసుకెళ్లి అప్పటికప్పుడు కలపండి. తల్లిపాలు తాగే బిడ్డకు బండి ఆపి పాలివ్వండి. కదిలే కారులో వేరుశనగ గింజలు, ద్రాక్షపళ్లు పెట్టొద్దు, గొంతుకు అడ్డుపడతాయి.

వాంతులు, విరేచనాలు అయితే ఓఆర్ఎస్ వాడాలి. పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో మొత్తం కలపాలి. కొంచెం పొడి వేసి కొంచెం నీళ్లు పోయడం సరికాదు. ఓఆర్ఎస్ పేరు తగిలించుకున్న తీపి పానీయాలు ఓఆర్ఎస్ కావు. అలాంటి పానీయాలపై ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆదేశించింది.

దారిలో నిద్రపోతుందని జలుబు, దగ్గు సిరప్‌లు పట్టడం ప్రమాదకరం. రెండేళ్లలోపు పిల్లలకు ఇలాంటి మందులు ఇవ్వొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో సూచించింది.

బిడ్డ నిద్రపోతోందని కారులో వదిలి టీకి దిగడం అంతకంటే ప్రమాదం. అద్దాలు మూసిన కారు ఎండలో 20 నిమిషాలుంటే లోపలి వేడి 10 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. అద్దం కాస్త దించి ఉంచినా పెద్దగా తేడా ఉండదు.

ఆపద వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

1033: జాతీయ రహదారుల హెల్ప్‌లైన్. 24 గంటలూ పనిచేస్తుంది. ప్రమాదం జరిగినా, బండి చెడిపోయినా పెట్రోలింగ్ వాహనం, అంబులెన్స్, క్రేన్ సాయం అడగవచ్చు.
108: అంబులెన్స్.
112: పోలీసు సహా అన్ని అత్యవసర సేవలు.

ఫోన్ చేసినప్పుడు రోడ్డు పక్క రాతిపై ఉన్న కిలోమీటరు సంఖ్య, చివరగా దాటిన ఊరు, ఏ వైపు వెళ్తున్నారో చెబితే సాయం త్వరగా అందుతుంది.

పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులు ఈ దారిలో నంద్యాల, కడప (రిమ్స్), తిరుపతి (రుయా)లలో ఉన్నాయి. రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజుల్లో రూ.1.5 లక్షల వరకు నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మే 5న నోటిఫై చేసింది. డబ్బు చేతిలో లేదని ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేయొద్దు.

కొండపైకి వెళ్లేటప్పుడు

తిరుమలకు వెళ్లే వాహనాలకు 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి. టోల్‌ప్లాజాల దగ్గరా ఇది అవసరమే కాబట్టి బయల్దేరే ముందే బ్యాలెన్స్ చూసుకోండి. అలిపిరిలో తనిఖీకి సమయం పడుతుంది. బిడ్డకు నీళ్లు, చిరుతిండి చేతికందేలా పెట్టుకోండి. ఘాట్ రోడ్డు మలుపులకు రెండేళ్లు దాటిన పిల్లలకు కడుపులో తిప్పడం ఎక్కువ. ఎక్కే ముందు కడుపునిండా పాలు పట్టొద్దు. ఫోన్ చేతికివ్వకుండా బయటికి చూడనివ్వండి.

కల్యాణకట్టలో తలనీలాలు తీయడం ఉచితం, ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు. రూ.300 దర్శనానికి తల్లిదండ్రులతో వచ్చే 12 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ అవసరం లేదు. వయసు చూపడానికి జనన ధ్రువపత్రం గానీ బాల ఆధార్ గానీ వెంట ఉంచుకోండి.

తిరుగు ప్రయాణానికీ ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి. దర్శనం అయిపోయిందని అదే రాత్రి హడావుడిగా బయల్దేరకుండా, డ్రైవరు, బిడ్డ ఇద్దరూ కంటినిండా నిద్రపోయాకే బండి తీయండి.