కాన్సంట్రేట్ చెయ్ రా!

మొన్న ఆదివారం మా వాడి బ్యాడ్మింటన్ టోర్నమెంటుకెళ్లాం. రెండో గేములో వరసగా పాయింట్లు పోతుంటే గ్యాలరీ లోంచి "కాన్సంట్రేట్ చెయ్ రా!" అని ఒకటే అరుపులు నేను. ఓడిపోయాడు. కార్లో వస్తూ అడిగాడు: "ఎలా చెయ్యాలో చెప్పవేం నాన్నా?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి వెతుకుతుంటే కోల్‌మన్ గ్రిఫిత్ అనే పెద్దాయన దొరికాడు.

ఈయన అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ సైకాలజీ ప్రొఫెసరు. 1924 అక్టోబరులో అక్కడి కుర్రాడు రెడ్ గ్రేంజ్, మిషిగన్‌తో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మొదటి 12 నిమిషాల్లోనే నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. తర్వాత గ్రిఫిత్ అడిగితే ఆ పరుగుల వివరాలేవీ అతనికి గుర్తులేవట! ఆలోచించి చేసినవైతే కదా గుర్తుండటానికి. సాధనలో ఒంటపట్టేసినవి.

అదే ఏడాది నోటర్‌డేమ్ కోచ్ న్యూట్ రాక్నీకి గ్రిఫిత్ ఉత్తరం రాశాడు, మీరు కుర్రాళ్లని ఎలా రెచ్చగొడతారని. ఎప్పుడో అరుదుగా తప్ప అసలు రెచ్చగొట్టనని రాక్నీ జవాబు. తమాషా ఏంటంటే, ఆయన్ని లోకం గుర్తుపెట్టుకుంది 1928లో చేసిన ఒక్క ఆవేశపు ప్రసంగంతోనే.

1925లో గ్రిఫిత్ క్రీడాకారుల మీద పరిశోధనకి ల్యాబ్ పెట్టాడు. కోచింగ్ మీద, ఆటగాళ్ల మనస్తత్వం మీద రెండు పుస్తకాలు రాశాడు. ఆర్థికమాంద్యంలో నిధుల్లేక 1932లో ల్యాబ్ మూతపడింది. కాస్ట్ కటింగ్‌లో మొదట ఏది పోతుందో మనకి ఒకరు చెప్పాలా? 1938లో షికాగో కబ్స్ బేస్‌బాల్ జట్టు యజమాని ఆయన్ని పిలిచాడు. ప్రాక్టీసు కూడా అసలు మ్యాచ్‌లాగే ఉండాలన్నాడాయన. మేనేజర్లు మాత్రం పట్టించుకోలేదు.

ఇప్పుడు రోజులు మారాయి. 2024 డిసెంబరులో తెలుగు కుటుంబంలో పుట్టిన చెన్నై కుర్రాడు గుకేశ్, 18 ఏళ్లకే చెస్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ మ్యాచ్‌లో మొదటి గేమే ఓడిపోయాడు, మూడో గేముకల్లా లెక్క సరిచేశాడు. వెనకాల మెంటల్ కోచ్ ప్యాడీ ఆప్టన్ ఉన్నాడు, 2011 వరల్డ్ కప్‌లో మన క్రికెట్ టీముతో పనిచేసినాయనే.

నాకర్థమైందొకటే. ధైర్యం అరిస్తే వచ్చేది కాదు, ప్రాక్టీసులో పెట్టాల్సింది. ప్రొడక్షన్‌లాంటి టెస్ట్ ఎన్విరాన్మెంట్ లేకుండా రిలీజ్ చేసి, సర్వరు పడిపోయాక దాని మీద అరుస్తామా?

అందుకే ఈ వారం నుంచి మా వాడి ప్రాక్టీసు గేములు 18-18 దగ్గర మొదలవుతున్నాయి. నేనేమో గ్యాలరీలో నోరు మూసుక్కూర్చోవడం ప్రాక్టీసు చేస్తున్నా. నాదే కష్టంగా ఉంది :)