పోరంబోకు పాట

పోరంబోకు అన్న మాట మనకు రెండు చోట్ల వినబడుతుంది: రెవెన్యూ రికార్డుల్లో, తిట్లలో. తమిళంలో 'పుఱం' అంటే వెలుపల. శిస్తు లెక్కకు వెలుపల ఉంచిన భూమి పోరంబోకు. చెరువు, వాగు, మేతబీడు, శ్మశానం - ఇవి ఏ ఒక్కరివీ కావు, ఊరందరివీ. శిస్తు రాని నేల పాలకుల దృష్టిలో పనికిరాని నేలయింది. క్రమంగా ఆ పేరు పనికిమాలిన మనిషికి తిట్టయింది. ఈ అర్థపతనంలో ఆస్తి సంబంధాల చరిత్ర ఉన్నదని నేననుకుంటాను.

2017 జనవరిలో ఆ తిట్టునే శీర్షికగా చేసుకుని 'చెన్నై పొరంబోకు పాడల్' వెలువడింది. రాసినవాడు కబేర్ వాసుకి. పాడినవాడు కర్ణాటక గాయకుడు టి.ఎం. కృష్ణ. చెన్నైకి ఉత్తరాన కొసస్తలై నది సముద్రంలో కలిసేచోట ఎన్నూరు ఉప్పుటేరు ఉన్నది. థర్మల్ విద్యుత్కేంద్రాల బూడిద, పరిశ్రమల ఆక్రమణ దాన్ని పూడ్చాయి. జాలరుల జీవనోపాధిని దెబ్బతీశాయి. నీటిదారి మూస్తే నీరు ఇళ్లమీదికి వస్తుందని 2015 చెన్నై వరదలు చూపించాయి. ఈ సంగతులను కృష్ణ రాగమాలికలో, సామాన్యులు మాట్లాడుకునే చెన్నై తమిళంలో పాడాడు. సభల్లో భక్తికి మాత్రమే కేటాయించిన రాగాలు బూడిదలో నిలబడ్డాయి.

మరుసటి ఏడాది సమస్య మరో రూపంలో వచ్చింది. క్రైస్తవ గీతాలు పాడుతున్నారని 2018 ఆగస్టులో కొందరు కర్ణాటక గాయకులకు బెదిరింపులు వచ్చాయి. నెలకొక పాట యేసు మీదనో, అల్లా మీదనో విడుదల చేస్తానని కృష్ణ ప్రకటించాడు. నవంబరులో ఢిల్లీలో అతని కచేరీ వాయిదా పడింది. ఢిల్లీ ప్రభుత్వం వేరే వేదిక ఇచ్చింది. ఇది కొత్త సంప్రదాయం కాదు. 19వ శతాబ్దంలోనే క్రైస్తవుడైన మాయవరం మున్సిఫు వేదనాయకం పిళ్లై 'సర్వసమయ సమరస కీర్తనలు' రచించాడు.

ఈ రెండు ఘటనలనూ విడివిడిగా చూడటం పొరపాటని నా అభిప్రాయం. ఏరు ఉమ్మడిదైతే రాగమూ ఉమ్మడిదే. ఏటికి కంచె వేసేది లాభం, రాగానికి కంచె వేసేది మతాహంకారం. ఒక కంచెను కాదన్నవాడు రెండోదాన్ని అంగీకరించలేడు.

అయితే పాట బూడిదను ఎత్తిపోయదు. 2023 డిసెంబరులో తుపాను వరదతోపాటు చమురు తెట్టె కూడా ఎన్నూరు ఏట్లో చేరింది. ఏటిని కాపాడవలసింది ప్రజాపోరాటమే. పాట చేసిన పని వేరు: తిట్టుగా దిగజారిన మాటకు దాని పాత గౌరవాన్ని తిరిగి ఇచ్చింది. మన రెవెన్యూ రికార్డుల్లోనూ ఆ మాట ఉన్నది. దాన్ని తిట్ల నుంచి విడిపించే పని తెలుగు రచయితలది కాదా?