43185: బందరు వాతావరణం షీటులోకి వచ్చిన దారి

43185. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కలో బందరు పేరు ఇదే. మొదటి 43 దక్షిణ భారతానికి చెందిన బ్లాకు, తర్వాతి 185 మచిలీపట్నం కేంద్రం. రోజులో ఎన్నోసార్లు ఈ నంబరుతో మొదలయ్యే వరుస ఒకటి అక్కణ్నించి బయలుదేరుతుంది. అందులో దాదాపు అన్నీ అయిదేసి అంకెల గుంపులే. 10286 అని ఉంటే, మొదటి 1 ఇది ఉష్ణోగ్రత అని చెబుతుంది, పక్కనున్న 0 సున్నాకు పైన అని, మిగిలిన 286 అంటే 28.6 డిగ్రీలు. 40085 అంటే సముద్రమట్టానికి సరిచేసిన వాయుపీడనం 1008.5. వెయ్యి రాయరు, చదివేవాళ్లే కలుపుకోవాలి.

ఈ పొదుపు తంతి కాలంలో పుట్టింది. టెలిగ్రాములో మాటకింత అని రుసుము, అయిదంకెలు కలిస్తే ఒక మాట కింద లెక్క. అందుకే వాతావరణమంతా అయిదంకెల్లోకి కుదించారు. అంత హడావుడిగా పంపాల్సిన అవసరం ఏమిటో బందరుకు వేరే చెప్పనక్కర్లేదు. 1864 నవంబర్ 1న వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. దానికి నెల ముందే కలకత్తానూ తుపాను ముంచింది. 1865లో కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికలు మొదలయ్యాయి, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. ఇంత జరిగాక కూడా 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వేలమందిని తీసుకుపోయింది. పీడనం పడిపోతోందన్న అంకె ఒకచోట తెలియడం వేరు, అది ఊళ్లోని మనిషికి సమయానికి అందడం వేరు. నా దృష్టిలో ఈ అంకెల చరిత్ర అంతా ఆ రెండింటి మధ్య దూరం తగ్గించడం గురించే.

కంప్యూటరు వైపు కథ చిన్నది. 1972 నాటికే ఐబీఎం ఫోర్ట్రాన్ కామాలతో విడదీసిన అంకెలను చదివేది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ విజికాల్క్ అనే స్ప్రెడ్‌షీటు తెచ్చారు, 1985లో ఎక్సెల్ వచ్చింది. అలా కామాలతో విడదీసే సీఎస్వీ ఫైలు ఎలా ఉండాలో కాగితం మీద పెట్టింది మాత్రం 2005లో.

మరి బందరు వరుసను షీటులోకి తేవడం ఎలా? డేటా మెనూలో టెక్స్ట్ ఫైలును ఎంచుకుని, విడదీసే గుర్తు ఖాళీ అని చెప్పాలి. ఇక్కడే అసలు చిక్కు. ఆకాశం నిర్మలంగా ఉండి, ఈశాన్యపు గాలి మెల్లగా వీస్తుంటే, మబ్బునూ గాలినీ చెప్పే గుంపు 00502. షీటు దాన్ని సంఖ్య అనుకుని ముందున్న సున్నాలు తీసేసి 502 చేస్తుంది. మబ్బుల లెక్క పోయింది, గాలి దిక్కూ తారుమారయింది. కాబట్టి దిగుమతి చేసేటప్పుడే ప్రతి కాలమ్‌నూ టెక్స్ట్‌గా ఉంచాలి. తర్వాత 1తో మొదలయ్యే గుంపులో మిడ్ ఫంక్షన్‌తో మూడో అక్షరం నుంచి మూడు తీసి పదితో భాగిస్తే ఉష్ణోగ్రత వస్తుంది.

మొదటి మూడు గుంపులు దాటాక కాలమ్ స్థానాన్నీ నమ్మకూడదు. నమోదు కాని గుంపును వదిలేస్తారు కాబట్టి మిగిలినవి పక్కకు జరుగుతాయి. అక్కణ్నించి మొదటి అంకెను బట్టే వెతకాలి. అదీ 333 అనే గుంపు వచ్చేదాకానే, అది దాటాక అదే 1కి గరిష్ఠ ఉష్ణోగ్రత అని అర్థం. అందుకే ముందు వరుసను 333 దగ్గర రెండుగా కోసుకోవాలి.

ఒకసారి ఇలా అమర్చాక రోజూ కాపీ పేస్టు అక్కర్లేదు. ఫైళ్లను దిగుమతి చేసే పవర్ క్వెరీ ఎక్సెల్ 2016 నుంచి అందులోనే ఉంది. వచ్చిన ఫైళ్లన్నీ ఒక ఫోల్డరులో వేస్తూ ఉంటే, రిఫ్రెష్ నొక్కగానే కొత్తవి చేరతాయి. ముడి అంకెల షీటును ముట్టుకోకుండా, లెక్కలు వేరే షీటులో పెట్టుకోవడం మేలు.

గుడివాడ చేపల చెరువుకో, నాగాయలంక రొయ్యల చెరువుకో వాన లెక్క చూసుకునేవారు సమయం సంగతి మరచిపోకూడదు. ఫైలులో ఉన్నది గ్రీనిచ్ కాలమానం, అక్కడ 03 అంటే మనకు ఉదయం 8.30. మన వాతావరణ శాఖ వానను ఉదయం 8.30 నుంచి మర్నాటి 8.30 వరకు కొలిచి, కొలిచిన రోజు తేదీ వేస్తుంది. సోమవారం రాత్రి కురిసిన వాన మంగళవారం గడిలో కనిపిస్తుంది. చెరువు దగ్గర సొంతంగా రాసుకున్న పుస్తకంతో పోల్చేముందు ఆ ఒక్క రోజు సరిచేసుకోవాలి.