ఒక ఖాతూన్ గవాహీ

గర్మీ పెరిగిపోయిందని మన ఇళ్లల్లో రోజూ అనుకుంటూనే ఉన్నాం. దీని తారీఖ్ తవ్వుతూ పోతే నాకు ఒక ఖాతూన్ కనబడింది. పేరు యూనిస్ ఫుట్, అమెరికా. 1856లో ఆమె చేసిన తజుర్బా చాలా సాదాది. రెండు గాజు గొట్టాల్లో థర్మామీటర్లు పెట్టి, ఒకదాంట్లో మామూలు హవా, ఇంకోదాంట్లో కార్బన్ డయాక్సైడ్ నింపి ఎండలో ఉంచింది. రెండోది ఎక్కువ వేడెక్కింది. ఎండలోంచి తీశాక చల్లారడానికీ చాలాసేపు పట్టింది. గాలిలో ఈ వాయువు ఎక్కువ ఉంటే భూమి వేడెక్కక తప్పదని అప్పుడే రాసేసింది. ఆల్బనీలో సైంటిస్టుల జల్సాలో ఆ కాగితం చదివింది మాత్రం ఆమె కాదు, జోసెఫ్ హెన్రీ. తర్వాత ఎన్నో దశాబ్దాలు ఆమె పేరే ఎవరికీ యాద్ లేదు.

అసలు సబబ్ తేల్చింది మూడేళ్ల తర్వాత జాన్ టిండాల్. ఎండకు కాగిన నేల తన హరారత్‌ను (మా ఉర్దూ మీడియం ఉస్తాద్ మాట ఇది) కంటికి కనబడని కిరణాలుగా పైకి వదులుతుంది. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ దాన్ని పట్టుకుని కొంత మళ్లీ కిందికే పంపుతాయి. భూమికి రజాయి అన్నమాట. నిజానికి ఇదొక నేమత్. లేకుంటే భూమి సగటు ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు బదులు మైనస్ 18 ఉండేది.

మనం రజాయి మందం పెంచాం. బొగ్గు, పెట్రోలు మండించే జమానాకు ముందు పది లక్షల పాళ్ల గాలిలో 280 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది.

'అప్పుడెవరికి తెలుసు' అనే బహానా నాకు మింగుడుపడదు. ఫుట్ రాసిన ఆ రెండు పేజీలు 1856లోనే అచ్చయ్యాయి.