విజేత లేని ఏడు సంవత్సరాలు

టూర్ డి ఫ్రాన్స్ అనే సుప్రసిద్ధమైన సైకిలు పందెం 1903వ సంవత్సరంలో పుట్టినది. దానిని నెలకొల్పినది ఏ వ్యాయామ సంఘమో కాదు, 'లోటో' అనే క్రీడా దినపత్రిక. ప్రతులు విరివిగా చెల్లవలెనన్నది సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్ సంకల్పం. పాఠకులు విస్తుపోవలెనంటే పందెం మానవమాత్రులకు అలవికానిదిగా కనిపించవలె. తొక్కవలసినవారు మాత్రం మానవమాత్రులే. తరువాతి కథకు బీజం ఇక్కడనే ఉన్నది.

రెండవ ఏటనే అక్రమాలు చెలరేగినవి. కొందరు దొంగచాటుగా రైలెక్కినారనీ, మోటారుబండ్ల సాయం పొందినారనీ అభియోగాలు వచ్చినవి. విచారణానంతరం 1904 పందెంలో మొదటి నలుగురినీ తొలగించి, అయిదవవాడైన ఆన్రీ కోర్నే అనే పందొమ్మిదేండ్ల యువకుణ్ణి విజేతగా ప్రకటించినారు. అయిదవ స్థానం దాకా దిగవలసి వచ్చినా, అక్కడ బహుమతికి అర్హుడొకడు దొరికినాడు. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకొనవలె.

1924లో పందెం దూరం 5,425 కిలోమీటర్లు; దానిని 15 విడతలలో ముగించవలె. కిందటి ఏటి విజేత ఆన్రీ పెలిస్సియే, చలికి తొడుగుకొన్న చొక్కాను దారిలో విడిచివేయరాదన్న నిబంధనపై తగవుపడి, తమ్ముడు ఫ్రాన్సిస్‌తో కూడ కూతాంస్ పట్టణంలో పందెం మానుకొన్నాడు. అక్కడి కాఫీ దుకాణంలో ఆల్బేర్ లోంద్ర్ అనే విలేఖరి ఎదుట వారు తమ సంచులు విప్పి చూపినారు: కళ్లకు కొకేను, చిగుళ్లకు క్లోరోఫారం, అవిగాక మాత్రలు. విలేఖరి దగ్గర కొంత అతిశయోక్తి పలికినామని ఫ్రాన్సిస్ తరువాత అన్నాడు. అతిశయోక్తిని తీసివేసినా, ఆ దూరాలు మిగిలే ఉన్నవి.

1965లో ఫ్రాన్సు ప్రభుత్వం క్రీడలలో ఉత్తేజక ఔషధాలను నిషేధిస్తూ శాసనం చేసినది. మరుసటి ఏడు బోర్డో నగరంలో పరీక్షలు జరుపగా, మర్నాడు పోటీదారులు సైకిళ్లు దిగి నడచి నిరసన తెలిపినారు. 1967 జూలై 13న మోన్ వాంతూ కొండపై మండుటెండలో టామ్ సింప్సన్ అనే ఆంగ్లేయుడు కూలిపోయినాడు. తిరిగి సైకిలెక్కి, కొంత దూరం పోయి, మళ్లీ పడి మరణించినాడు. వయస్సు 29. చొక్కా జేబులో ఆంఫెటమిన్ మాత్రల గొట్టాలు దొరికినవి. అంతకు ముందే అతనికి కడుపులో జబ్బు చేసినది. కాని మంచి స్థానం వస్తేనే పై ఏటికి మంచి ఒప్పందం కుదిరే వృత్తిలో జబ్బుపడే స్వేచ్ఛ కూడ ఎవరికీ ఉండదు.

1990 ప్రాంతాల ఎరిత్రోపోయెటిన్ అనే మందు వ్యాపించినది. అది రక్తంలో ఎర్రకణాలను పెంచి, కండరాలకు ప్రాణవాయువును అధికంగా అందిస్తుంది. 1998లో ఫెస్టినా జట్టు కారులో ఇది సరిహద్దు అధికారులకు పట్టుబడినది. అది ఒకరిద్దరి రహస్యదోషం కాదనీ, వైద్యుని పర్యవేక్షణలో జట్టు నడిపిన ఏర్పాటు అనీ విచారణలో తేలినది. ఆ జట్టులో మందు ముట్టని కొద్దిమందిలో క్రిస్తోఫ్ బస్సోన్ ఒకడని సహచరులే సాక్ష్యమిచ్చినారు.

ఆ బస్సోన్ 1999 పందెంలో పాల్గొంటూ, మందుల వాడకం ఆగలేదని పత్రికాముఖంగా చెప్పినాడు. సహచరులు పలుకరించడం మానివేసినారు. పందెంలో ముందున్న లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ అతని పక్కకు వచ్చి, ఈ వృత్తి విడిచిపొమ్మన్నాడు. బస్సోన్ పందెం ముగియకముందే వెళ్లిపోయినాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ ఏడూ, తరువాతి ఆరేండ్లూ గెలిచినాడు.

2012లో ఆ ఏడు విజయాలూ రద్దయినవి; మరుసటి జనవరిలో అతడు తన తప్పు ఒప్పుకొన్నాడు. అతని వెనుక నిలిచినవారిలోనూ పలువురికి అదే మచ్చ ఉన్నందున, అంతర్జాతీయ సైకిలు సంఘం ఆ బిరుదులను మరెవరికీ ఇవ్వలేదు. 1904లో అయిదవ స్థానం దాకా దిగితే కోర్నే దొరికినాడు. 1999 మొదలు 2005 వరకు విజేత పేరుండవలసిన చోటు నేటికీ ఖాళీగానే ఉన్నది. నిజాయితీపరులే లేకపోయినారని దీని అర్థం కాదు. వారిలో ఒకడు నడిదారిలో సంచి సర్దుకొని ఇంటికి పోవలసి వచ్చినది. ఆనాడు అతణ్ణి ఆపినవారు లేరు.